మిర్చి కొట్టు లెక్కలు మన చేతిలో ఉండాలంటే

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, ఎవరికెంత బాకీ, అన్నీ ఒక ఆన్‌లైన్ సర్వీసులో రాసేవాణ్ణి. సీజన్ మధ్యలో అది మూతపడింది. రైతు ఎదురుగా నిలబడి అడుగుతుంటే లెక్క చూపలేకపోయాను. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఏ సర్వీసులోనైనా చేరేముందు పది ఉత్తుత్తి పద్దులు రాసి, బయటికి దించి చూడండి. సీఎస్‌వీ ఫైలుగా, అంటే పద్దులు వరుసలుగా ఉండే మామూలు అక్షరాల ఫైలుగా వచ్చి, లిబ్రెఆఫీసు అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాములో తెరుచుకోవాలి. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి.

తర్వాత ఆ ప్రోగ్రాము లైసెన్సు చూడండి. జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఇతరులకిచ్చేవాళ్లు దాని సోర్స్ కోడ్, అంటే అది రాసిన మూల పాఠం కూడా ఇవ్వాలి. కానీ జీపీఎల్ ప్రోగ్రామును మార్చి తమ సర్వర్‌లో నడిపేవాళ్లు మనకు సోర్స్ కోడ్ ఇవ్వక్కర్లేదు, ఎందుకంటే ప్రోగ్రాము మన చేతికి రాదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ అనే లైసెన్సు మూడో వెర్షన్ ఈ సందు మూసింది: మార్చిన ప్రోగ్రామును నెట్‌లో వాడేవాళ్లకూ కోడ్ అందుబాటులో ఉంచాలి. ఫైళ్లను మన సొంత కంప్యూటర్‌లోనే దాచుకోనిచ్చే నెక్స్ట్‌క్లౌడ్ సర్వర్ ప్రోగ్రాముది ఈ లైసెన్సే.

కోడ్ దొరికినా పద్దులు వాళ్ల దగ్గరే ఉంటే అది సగం స్వేచ్ఛే. అందుకే కొట్టులోని పాత కంప్యూటర్‌లో నెక్స్ట్‌క్లౌడ్ పెట్టుకున్నాను. వారానికోసారి నకలు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్తాను. రైతు అడిగితే అతని పద్దు ఫైలు అతనికిచ్చేస్తాను. ఆ లెక్క అతనిది కూడా.