ఇంజిన్ ఎక్కించే ముందు: నాలుగో బోల్టు దగ్గర తొందరపడకండి

ఈ ఆదివారం కరీంనగర్‌లో మా దోస్తు ఒకాయన తన రెండు సీట్ల విమానానికి ఇంజిన్ ఎక్కిస్తున్నాడు. కిట్ తెప్పించుకుని, రేకుల షెడ్డులో ఒక్కో రివెట్టు కొడుతూ సొంతంగా కట్టుకున్న విమానం. "అన్నా, నువ్వు రెండుసార్లు చేసినవ్ గదా, ఏమేం చూసుకోవాలె?" అని ఫోన్ చేశాడు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది, పైగా మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం ఓకే అన్నప్పటి నుంచి మా వరంగల్‌లో కూడా విమానాల ముచ్చట్లు ఎక్కువయ్యాయి కాబట్టి అందరికీ పనికొచ్చేలా ఇక్కడే రాస్తున్నా. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) కాగితాల సంగతి ఇందులో ఉండదు. అనుమతి లేకుండా ఎగరాలనుకునేవాళ్ళు చదవడం ఇక్కడే ఆపేయొచ్చు.

ముందు మౌంట్, అంటే ఇంజిన్‌ను విమానానికి పట్టి ఉంచే చట్రం. చూడ్డానికి సైకిల్ ఫ్రేములా సన్న గొట్టాల చట్రం, ఒంటి చేత్తో లేపొచ్చు, కానీ వంద కిలోలు దాటిన ఇంజిన్ బరువు, ప్రొపెల్లర్ లాగుడు, దిగేటప్పుడు తగిలే కుదుపు అన్నీ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే గోడ) దాకా మోసేది అదే. పెట్టెలోంచి తీయగానే బిగించేయకండి. మంచి టార్చి, భూతద్దం పట్టుకుని ప్రతి వెల్డింగ్ అంచునూ తడిమినట్టు చూడండి, ఎందుకంటే పగులు వచ్చేది వెల్డు మధ్యలో కాదు, వెల్డు గొట్టాన్ని కలిసే అంచు దగ్గర. రంగు వేయని మౌంట్ అయితే డై పెనెట్రెంట్ (సన్న పగుళ్ళలోకి దిగి వాటిని బయటపెట్టే రంగు ద్రవం) కొట్టి చూడొచ్చు, రామగుండం వైపు ప్లాంట్లలో పనిచేసిన వెల్డర్లకు అది రోజూ చేసే పనే. రంగు మీరే వేయాలంటే తెలుపో లేత బూడిదో వేయండి, నల్లది వేస్తే రేపు పగులొచ్చినా, ఆయిల్ కారినా కనిపించదు.

ఫైర్‌వాల్ రంధ్రాలకు మౌంట్ కాళ్ళు సరిగ్గా కూర్చోకపోతే? మొదటిసారి మాకు అదే జరిగింది, ఒక కాలు మూడు మిల్లీమీటర్లు పక్కకుంది. గేట్లు, గ్రిల్లులు చేసే ఒక వెల్డింగాయన చూసి "సారూ, గింత దానికి పరేషానెందుకు, జర వేడి చేసి వంచి రెండు టాకాలు కొడ్తే అయిపాయె" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఆయన చేసే పని వేరే. ఈ గొట్టం 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు, పల్చటి గోడ. జిగ్‌లో (కాళ్ళు కదలకుండా పట్టే అచ్చులో) బిగించకుండా వేడి చేస్తే ఒక కాలు సరవుతూ ఇంకో మూడు కాళ్ళు కదులుతాయి, వేడి మీద నీళ్ళు పోసి చల్లార్చారంటే ఆ చోటు పెళుసైపోయి కొన్ని గంటల వైబ్రేషన్‌కే విరగొచ్చు. మేము తిరిగి పంపించి ఆరు వారాలు ఆగాం. మీరూ ఆగండి.

బోల్టుల విషయంలో నాది ఒకటే మాట, హార్డ్‌వేర్ షాపు హై టెన్సైల్ బోల్టు ఎంత మెరిసినా వద్దు. విమానాల ప్రమాణంతో చేసే ఏఎన్ బోల్టులే వాడండి, స్టీలువైతే తల మీద నక్షత్రం లాంటి అడ్డగీతల గుర్తు ఉంటుంది. పొడవు చూసుకునేటప్పుడు మర ఉన్న భాగం రంధ్రం లోపలికి రాకూడదు, బరువు మోసే చోట నున్నటి కాడే ఉండాలి, తేడా వస్తే వాషర్‌తో సర్దండి. ఇంజిన్ వైపు వేడికి నైలాన్ లాక్ నట్లు పనికిరావు, వాటి హద్దు 121 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. పూర్తి లోహపు లాక్ నట్టు గానీ, కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా రంధ్రంలో దూర్చి వంచే తీగ పిన్ను) పెట్టే గాడుల నట్టు గానీ, డ్రాయింగులో ఏది ఉంటే అదే.

ఇక ఎక్కించే రోజు. రేకుల షెడ్డు దూలానికి చైన్ పుల్లీ వేలాడదీసే ఆలోచన మానుకోండి, ఆ యాంగిల్ ఐరన్ రేకులు మోయడానికి పెట్టింది. కార్ల గ్యారేజీల్లో ఉండే చక్రాల ఇంజిన్ క్రేన్ కిరాయికి తెచ్చుకోండి, ఇంజిన్ మీద ఉండే కొక్కానికే తగిలించండి. ముందు చక్రం విమానమైతే ఇంజిన్ లేనప్పుడు తోక మీద కూలబడుతుంది కాబట్టి తోక కింద స్టాండు పెట్టి, చక్రాలకు అడ్డం వేసి, ఆ రోజు కాక్‌పిట్‌లోకి పిల్లలను ఎక్కనీయకండి. మా ఇంట్లో ఈ ఒక్క రూలుకే పెద్ద గొడవైంది.

స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పుట్టించే మాగ్నెటో గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. కారులో వైరు పీకేస్తే ఇంజిన్ చచ్చిపోతుంది, ఇక్కడ ఉల్టా. స్విచ్ నుంచి వచ్చే పీ-లీడ్ వైరు మాగ్నెటోను గ్రౌండ్ చేసి ఆపుతుంది, ఆ వైరు ఊడి ఉంటే మాగ్నెటో బతికున్నట్టే. బోల్టు అందడం లేదని ప్రొపెల్లర్ అంచు పట్టుకుని కాస్త తిప్పితే లోపల "టక్" మని స్ప్రింగ్ వదలడం, సిలిండర్‌లో ఏ కాస్త పెట్రోలు ఆవిరి ఉన్నా అంటుకోవడం రెండూ జరగొచ్చు. కాబట్టి పై వరస స్పార్క్ ప్లగ్గులు తీసేయండి, ప్రొపెల్లర్‌ను ఆఖరున బిగించండి.

ఇంజిన్‌కూ మౌంట్ చట్రానికీ మధ్య పెట్టే రబ్బరు మౌంట్లలో పై జత, కింది జత, ఇంజిన్ వైపు ముక్క, మౌంట్ వైపు ముక్క వేర్వేరు నంబర్లవి కావచ్చు. కవర్లు చించకముందే మార్కర్‌తో రాసుకోండి. మే నెల ఎండలో రేకుల కింద వాటిని పడేయకండి, ఆయిల్ తగలనీయకండి.

ఇంజిన్‌ను మౌంట్‌కు పట్టే నాలుగు బోల్టుల్లో పై రెండు ముందు. క్రేన్‌ను కొంచెం కొంచెంగా దించుతూ కింది మూడోది. మూడూ ఈజీగానే పోతాయి, అప్పుడు అందరూ నవ్వుతుంటారు, ఎవడో ఫోటో తీస్తాడు. నాలుగోది దూరదు. సగం రంధ్రం చందమామ ముక్కలా కనిపిస్తుంది, బోల్టు కొన అంచుకు తగిలి ఆగిపోతుంది, ఎవరో ఒకరు సుత్తి అందిస్తారు. తీసుకోవద్దు. సుత్తితో బోల్టును దించితే మర చెడుతుంది, కాడ మీద గీత పడుతుంది, పగులు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. ముందే మూడింటినీ బిగించేశారేమో చూడండి, నాలుగూ దూరేదాకా ఏ నట్టూ వేలితో తిప్పినంత కంటే ఎక్కువ బిగియకూడదు. క్రేన్ కొక్కెం నుంచి బరువు దించేయకండి. కాస్త పైకి, కాస్త పక్కకు, రాచెట్ పట్టీతో మెల్లగా లాగుతూ, మొన సన్నగా ఉన్న డ్రిఫ్ట్ పిన్ను అవతలి వైపు నుంచి పెట్టి రంధ్రాలు కలిపి, కాడకు కొంచెం గ్రీజు రాసి తోయండి. మాకు రెండోసారి ఇదొక్కటే గంటా నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు చాయ్.

బిగించాక ముందు నుంచి చూస్తే ఇంజిన్ వంకరగా కనిపించొచ్చు. చాలా డిజైన్లలో ప్రొపెల్లర్ ప్రభావానికి విరుగుడుగా ఇంజిన్‌ను పైలట్‌కు కుడివైపు, కిందికి ఒకటి రెండు డిగ్రీలు తిప్పే పెడతారు. డ్రాయింగు చూడకుండా వాషర్లు పెట్టి "సరిచేయకండి". స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొనదేలిన టోపీ) కూడా కౌలింగ్ (ఇంజిన్ పై కప్పు) కంటే కొద్దిగా పైకే ఉండనీయండి, కొత్త రబ్బరు కొన్ని గంటలు నడిచాక కుంగుతుంది.

ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచి దగ్గర ఇంచి-పౌండ్లు, ఫుట్-పౌండ్లు కలిపేశారంటే పన్నెండు రెట్ల తేడా. మామూలు ఏఎన్6 బోల్టుకు, అంటే 3/8 అంగుళానికి, 160 నుంచి 190 ఇంచి-పౌండ్లు, మన బైకు మెకానిక్కుల రెంచిలో సుమారు 18 నుంచి 21 న్యూటన్ మీటర్లు. ఇది ప్రామాణిక టార్క్ పట్టికలో పొడి మర మీద అంకె, గ్రీజు మరకు తగిలితే తుడిచేయండి, ఇంజిన్ లేదా మౌంట్ మాన్యువల్ వేరే చెప్తే అదే ఫైనల్. కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు వెనక్కి తిప్పొద్దు, హద్దులోపల ముందుకు తిప్పండి, లేదంటే వాషర్ మార్చండి.

ఇంజిన్‌కూ బాడీకీ మధ్య రబ్బరు ఉంది కదా, గ్రౌండ్ పట్టీ మర్చిపోతే స్టార్టర్ కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోతుంది. మౌంట్ గొట్టాలకు హోసులను ప్లాస్టిక్ టైలతో కట్టొద్దు, దుమ్ము చేరితే అవి ఆకురాయిలా స్టీలును కోస్తాయి, రబ్బరు పూత క్లాంపులు వాడండి.

మా దోస్తుకు ఒక్కటే చెప్పా, సాయంత్రం ఫోటో పంపమని. ఇంజిన్‌ది వద్దు, నాలుగు నట్ల వెనక వంచిన కాటర్ పిన్నులది పంపమన్నా.