మొదటి నెలలో పసిబిడ్డ ఎదుగుదలను ఎలా గమనించాలి?

పుట్టిన నాటి నుంచి 28 రోజుల వరకు బిడ్డను వైద్యులు నవజాత శిశువు అంటారు. పాలు తాగడం, నిద్రపోవడం, ఏడవడం తప్ప ఈ నాలుగు వారాల్లో మరేమీ జరగనట్టు అనిపించినా, రోజూ శ్రద్ధగా చూసేవారికి మార్పులు తెలుస్తూనే ఉంటాయి. ఇందుకు ఒక థర్మామీటరు, ఒక చిన్న నోటుపుస్తకం చాలు. బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, విరేచనం ఏ రంగులో అయింది అన్న మూడు సంగతులను ఆ పుస్తకంలో రోజూ రాసుకోవాలి.

కొత్త తల్లిదండ్రులను ముందుగా కలవరపెట్టేది బరువు. మొదటి కొన్ని రోజుల్లో ఒంట్లోని అదనపు నీరు పోవడం వల్ల దాదాపు ప్రతి బిడ్డా కొంత బరువు తగ్గుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ నాలుగో రోజున 2,800 గ్రాములు తూగితే భయపడనక్కరలేదు. తగ్గుదల 10 శాతానికి చేరితే మాత్రం, అంటే ఈ బిడ్డ 2,700 గ్రాములకు దిగితే, పాలు సరిగా అందుతున్నాయో లేదో వైద్యులకు చూపించాలి. సాధారణంగా రెండు వారాలలోపు బిడ్డ పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరుకుని, అక్కడి నుంచి రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతుంది.

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించి ముర్రుపాలు తాగించడం మంచిది. ఆ తర్వాత 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వవలసి వస్తుంది. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. అంతకు ముందే బిడ్డ పెదవులు చప్పరిస్తుంది, పిడికిలి నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పుతూ రొమ్ము కోసం వెతుకుతుంది. ఈ గుర్తులు కనిపించగానే పాలిస్తే, ఏడ్చి అలసిపోయిన బిడ్డను బుజ్జగించే శ్రమ తల్లికి తప్పుతుంది. తల్లిపాలు తాగే బిడ్డకు విడిగా నీళ్లు పట్టనవసరం లేదు. తేనె మాత్రం ఏడాది నిండే వరకు నాకించకూడదు, ఎందుకంటే అందులో ఉండగల కొన్ని సూక్ష్మజీవుల వల్ల పసిబిడ్డకు ప్రాణాపాయం కలగవచ్చు.

పాలు చాలుతున్నాయా అన్న సందేహానికి నోటుపుస్తకమే జవాబు చెబుతుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు మూత్రం పోసిన బిడ్డ, అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు పోయాలి. మొదట నల్లగా జిగటగా అయ్యే విరేచనం క్రమంగా ఆకుపచ్చకు, అయిదో రోజుకల్లా పసుపుకు మారుతుంది. అది సున్నంలా తెల్లగా పాలిపోయి ఉంటే కాలేయానికి సంబంధించిన సమస్య కావచ్చు కాబట్టి వెంటనే చూపించాలి.

ఇంద్రియాల ఎదుగుదల ఈ నెలలో చూడముచ్చటైన విషయం. బిడ్డ చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే బాగా నిలుస్తుంది. పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ మధ్య ఉండే దూరం దాదాపు అంతే. బిడ్డ మెలకువగా, ప్రశాంతంగా ఉన్న వేళ మీ ముఖాన్ని ఆ దూరంలో ఉంచి, చూపు నిలిచే దాకా ఆగి, నెమ్మదిగా ఒక పక్కకు జరపండి. నెల నిండే సరికి చాలామంది పిల్లలు కొంతసేపైనా కళ్లతో వెంబడిస్తారు. గర్భంలోనే విన్న తల్లి గొంతును పుట్టిన కొన్ని రోజులకే గుర్తుపడతారు కనుక, స్నానం చేయిస్తూ, బట్టలు మారుస్తూ మాట్లాడుతూనే ఉండాలి. వినికిడి పరీక్ష నెలలోపు చేయించాలి.

పెద్ద చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ బారచాపి మళ్లీ దగ్గరకు తెచ్చుకుంటే అది ఆరోగ్య లక్షణమే. ఎర్న్‌స్ట్ మోరో అనే వైద్యుడు 1918లో వివరించిన ఈ చర్యకు ఆయన పేరే స్థిరపడింది. ఒక చెయ్యి మాత్రమే కదులుతుంటే వైద్యులకు చెప్పాలి.

నిద్ర రోజుకు 14 నుంచి 17 గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ప్రతిసారీ వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ మెత్తని బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. మేలుకుని ఉన్నప్పుడు మాత్రం, పెద్దలు పక్కనే ఉండి, రోజుకు రెండు మూడుసార్లు కొన్ని నిమిషాల పాటు బోర్లా ఉంచితే మెడ కండరాలు బలపడతాయి. రెండో వారం తర్వాత ఏడుపు పెరగడం సహజం. పాలు తాగి, పొడిగా ఉండి, జ్వరం లేని బిడ్డ సాయంత్రాలు ఏడుస్తుంటే గుండెలకు హత్తుకుని తిప్పడమే ఉత్తమమైన ఉపాయం.

నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డను ఈ కొలతలతో పోల్చకూడదు. ప్రసవానికి చెప్పిన తేదీ నుంచి వయసు లెక్కించాలి.

కొన్ని లక్షణాలకు ఇంట్లో వేచి చూడడం తగదు. ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం, ఒళ్లు చల్లబడి వెచ్చగా కప్పినా వేడెక్కకపోవడం, నిద్ర లేపినా పాలు తాగకపోవడం, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీయడం, పుట్టిన 24 గంటల్లోపే పచ్చకామెర్లు కనిపించడం, ఆ పసుపు అరచేతులకూ అరికాళ్లకూ పాకడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు నోటుపుస్తకాన్ని మరవకండి; చివరిసారి పాలు ఎప్పుడు తాగింది, మూత్రం ఎప్పుడు పోసింది అని అక్కడ తప్పక అడుగుతారు.