లంచ్ టేబుల్ దగ్గర ఇదొకటి చేసి చూడండి

బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు మాట దానంతటదే తెలుగులోకి వెళ్ళిపోద్ది, పక్కన కన్నడ అతనో తమిళ అమ్మాయో ఉంటే కాసేపు నవ్వి, తర్వాత పెరుగన్నం కలుపుకుంటా ఫోన్ చూస్కుంటా ఉండిపోతారు, గమనించారా? ఎవరూ కావాలని చేసేది కాదులెండి. ఎవరి మధ్య ఉంటే వాళ్ళకి తగ్గట్టు మన యాస, స్పీడు అన్నీ మారిపోతాయి, హోవర్డ్ గైల్స్ అనే సోషల్ సైకాలజిస్ట్ 1970ల్లోనే దీని మీద థియరీ చెప్పాడు, ఎవరికి దగ్గరవ్వాలనుకుంటే వాళ్ళలాగా మాట్లాడతాం, దూరం పెట్టాలనుకుంటే తేడా చూపిస్తాం అని.

అందుకే "సారీ, తెలుగులో మాట్లాడేస్తున్నాం" అని ఊరుకోవద్దు, రెండు నిమిషాల్లో మళ్ళీ అదే మొదలవుద్ది. నడుస్తున్న టాపిక్ ఒక్క లైన్లో చెప్పి వెంటనే వాళ్ళనే ఏదైనా అడగండి, "పండక్కి లీవుల గురించి అనుకుంటున్నాం, మీ టీంలో ఎలా ఇస్తున్నారు?" అన్నట్టు. జవాబు వాళ్ళు చెప్పాలి కాబట్టి మిగతా అందరూ అటే తిరుగుతారు, భాష కూడా మారుద్ది. కన్నడ వచ్చినంత వాడండి, "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అన్నా మొహం వెలిగిపోద్ది, నిజంగా. ఇంకోటి, టీం వాట్సాప్‌లో తెలుగు జోకులు వద్దు, వాటికి వేరే గ్రూప్ పెట్టుకోండి.