ఆఫీసు డేటాబేస్ నెమ్మదిస్తే – 3వ పాఠం: పేరు వెతకడానికి ఇంతసేపా?

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో లెక్కలన్నీ దాచే బ్యాకెండ్ ఫైలు ఉన్న కంప్యూటర్ నుంచి మీ కంప్యూటర్‌కి 100 ఎంబీ ఫైలు ఒకటి కాపీ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోమన్నాను. తొమ్మిది, పది సెకన్లు పట్టి ఉంటే మీ లైను 100 మెగాబిట్ వేగంతో నడుస్తోంది. ఒకటి రెండు సెకన్లలో అయిపోతే అది గిగాబిట్, అంటే 1000 మెగాబిట్. గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే పెట్టె) కొన్నాక కూడా పది సెకన్లే పడుతుంటే ముందు వైరు చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లో ఎనిమిది తీగలూ బాగుండాలి, 100 మెగాబిట్‌కి నాలుగు చాలు. అందుకే మిగతా నాలుగింటిలో ఒకటి తెగినా లైను ఆగిపోదు, ఎవరికీ తెలియకుండా 100కి దిగిపోతుంది. మా గోడౌన్ అటక మీద ఎలుక కొరికిన వైరు సంగతి ఇదే. వైఫై మీద నడుపుతున్నవాళ్లు మాత్రం ఈ పాఠం పక్కన పెట్టి ముందు వైరు వేయించుకోండి. ఏదో రాస్తుండగా వైఫై ఒక్క క్షణం తెగితే యాక్సెస్ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు నెమ్మది సంగతి కాదు, అసలు లెక్కలకే ఎసరు.

వైరు బాగుంది, ఫైలుని మొదటి పాఠంలో చెప్పినట్టు ఫారాలు ఉండే ఫ్రంటెండ్, లెక్కలు ఉండే బ్యాకెండ్‌గా విడదీశారు. అయినా పార్టీ (మన దగ్గర కొనే ఖాతాదారు) పేరు కొడితే గుండ్రం తిరుగుతూనే ఉంది. ఈ రోజు పాఠం దాని గురించే.

ఒక్క విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. యాక్సెస్ బ్యాకెండ్ షేర్ ఫోల్డర్‌లో ఉన్న ఉత్త ఫైలు. అది ఉన్న కంప్యూటర్ మీ కోసం ఏమీ వెతికి పెట్టదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్ అయితే లోపల గుమాస్తా ఉన్న గోడౌన్ లాంటిది: కావలసిన చీర చెబితే అతనే తీసి ఇస్తాడు. యాక్సెస్ గుమాస్తా లేని గోడౌన్. వెతకాల్సింది మీ కంప్యూటరే, అదీ తన బల్ల దగ్గర కూర్చుని. ఏ అరలో ఏముందో రాసిన రిజిస్టరు ఉంటే ఆ రిజిస్టరు పేజీలు నాలుగు చూసి, కావలసిన మూట ఒక్కటే తెప్పించుకుంటుంది. రిజిస్టరు లేకపోతే గోడౌన్‌లోని మూటలన్నీ వైరు మీదుగా తన బల్ల దగ్గరికి మోయించుకుని ఒక్కొక్కటీ విప్పుతుంది. ఆ రిజిస్టరే ఇండెక్స్.

మాది ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల టోకు వ్యాపారం చేసే ఆఫీసు. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి ముందు ఊళ్లోనివాళ్లు, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపూర్ నుంచి వచ్చేవాళ్లు కౌంటర్ల దగ్గర నిలబడి ఉంటారు. అలాంటి రోజు పాత బాకీ చూడడానికి పేరు కొడితే జవాబు రావడానికి ఇరవై సెకన్లు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఆ ఇరవై సెకన్లు ఎంత టెన్షనో, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకే తెలుసు.

మా బిల్లింగ్ అమ్మాయి పేరు వెతికేటప్పుడు ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెట్టేది, *పాత్రో* అని. ఎందుకమ్మా అని అడిగితే, "అక్కా, రెండు వైపులా చుక్క పెట్టకపోతే సగం మంది దొరకరు" అంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. మన తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు. ఒడియావాళ్లు చివర రాస్తారు. పాత్రో, పట్నాయక్, సాహు లాంటివి కొందరి పేర్లకు ముందుంటాయి, కొందరికి చివర. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో పట్నాయక్‌ని ఒకరు ఒక టీతో రాస్తే ఇంకొకరు రెండు టీలతో రాస్తారు. ఇవన్నీ ఒకే పేరు గడిలో పడ్డాయి. ఆ అమ్మాయి తనకున్న ఒకే దారిలో వెళ్లింది. తప్పు టేబుల్ కట్టినవాళ్లది, అంటే నాది.

ఇప్పుడు ఆ నక్షత్రం ఏం చేస్తుందో చూడండి. అది ఉన్నచోట ఏ అక్షరాలైనా ఉండవచ్చని అర్థం. ఇండెక్స్ అంటే పేర్లు అక్షరక్రమంలో పేర్చిన జాబితా. "పాత్రో*" అని కొడితే 'పా' దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. నక్షత్రం ముందు పెడితే పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో తెలియదు. నిఘంటువులో 'త్రో'తో ముగిసే మాటలన్నీ వెతకమన్నట్టు అవుతుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పడమే దారి. ఇండెక్స్ ఉన్నా పనికిరాదు.

లెక్క వేసి చూద్దాం. బిల్లుల టేబుల్‌లో 3 లక్షల వరుసలు, వరుసకి 250 బైట్లు అనుకోండి. మొత్తం 75 ఎంబీ. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, 100 మెగాబిట్ లైను మీద సెకనుకి ఎంత బాగా వచ్చినా 12 ఎంబీ. అంటే ఒక్క వెతుకులాటకి ఆరేడు సెకన్లు. ముగ్గురు ఒకేసారి వెతికితే ఆ లైనునే పంచుకోవాలి, సుమారు ఇరవై సెకన్లు పడుతుంది. అదే పార్టీ నంబర్ మీద ఇండెక్స్ ఉందనుకోండి. యాక్సెస్ 4 కేబీ పేజీల చొప్పున చదువుతుంది. ఆ పార్టీకి ఇరవై బిల్లులుంటే వైరు మీద నడిచేది సుమారు వంద కేబీ. రెప్పపాటులో వచ్చేస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీ కళ్లతో చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో ఈథర్‌నెట్ నొక్కి పక్కన పెట్టుకోండి. యాక్సెస్ మూసి మళ్లీ తెరిచి పేరు వెతకండి. గ్రాఫ్ కొండలా లేచిందంటే టేబుల్ మొత్తం మోసుకొస్తోందన్నమాట. మూసి తెరవడం ఎందుకంటే, ఒకసారి తెచ్చిన పేజీలను యాక్సెస్ కాసేపు దగ్గరే ఉంచుకుంటుంది. రెండోసారి వెతికితే వేగంగా వచ్చి, బాగానే ఉందిలే అని మనల్ని మోసం చేస్తుంది. కొలత ఎప్పుడూ మొదటిసారిదే రాసుకోండి.

మేం చేసిన మార్పు చెబుతాను. మొదట పార్టీలకి వేరే టేబుల్ పెట్టి, ఒక్కొక్కరికి ఒక నంబర్ ఇచ్చాం. బిల్లులో పేరు బదులు ఆ నంబర్ ఉంటుంది. పార్టీల టేబుల్‌లో ఇంటిపేరుకి ఒక గడి, సొంత పేరుకి ఒకటి, ఊరికి ఒకటి, ఫోన్‌కి ఒకటి. ఇంటిపేర్లకి చిన్న జాబితా పెట్టి అందులోంచే ఎంచుకునేలా చేశాం, అందువల్ల వెతకడానికి పట్నాయక్ ఒక్కడే. అయితే ఒక జాగ్రత్త. బిల్లు మీద అచ్చయ్యే పేరు వేరే గడిలో, ఆ మనిషి రాసుకున్న అక్షరాలతోనే ఉంచండి. రెండు టీలు రాసుకునే మనిషికి ఒక టీతో బిల్లు ఇవ్వడం మర్యాద కాదు, బ్యాంకులోనూ చిక్కే. ఫోన్ నంబర్ గడిని టెక్స్ట్‌గానే పెట్టండి, దాంతో మనం కూడికలు చెయ్యం కదా. నిజానికి ఇప్పుడు మా కౌంటర్‌లో ఎక్కువగా వాడేది ఫోన్ నంబరే.

ఇండెక్స్ పెట్టే పద్ధతి చిన్నదే. అందరినీ బయటికి రమ్మని, బ్యాకెండ్ ఫైలుకి ఒక కాపీ తీసి వేరే చోట దాచండి. తర్వాత బ్యాకెండ్ తెరిచి, టేబుల్‌ని డిజైన్ వ్యూలో పెట్టి, గడిని ఎంచుకుని, కింద ఇండెక్స్‌డ్ అన్నచోట 'ఎస్, డూప్లికేట్స్ ఓకే' రకాన్ని పెట్టి సేవ్ చేయండి. నో డూప్లికేట్స్ పెడితే ఒకే ఊరి నుంచి రెండో పార్టీని చేర్చుకోనివ్వదు. అలాగని కనిపించిన ప్రతి గడికీ పెట్టకండి. కొత్త బిల్లు రాసిన ప్రతిసారీ ఇండెక్స్‌లన్నీ దిద్దాల్సి వస్తుంది, రాయడం నెమ్మదిస్తుంది. వెతికే గడులకీ, రెండు టేబుళ్లని కలిపే గడులకీ చాలు. రిలేషన్‌షిప్స్‌లో రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ (లేని పార్టీ నంబర్‌తో బిల్లు రాయనివ్వని కట్టుబాటు) టిక్ పెట్టి కలిపిన గడికి యాక్సెస్ తనే కనపడకుండా ఒక ఇండెక్స్ కట్టుకుంటుంది, దానికి మళ్లీ పెట్టనక్కర్లేదు.

తేదీల దగ్గరా ఇదే జబ్బు, వేషం వేరు. ఒక సంవత్సరం బిల్లులు కావాలని తేదీ గడి మీద, తేదీలోంచి సంవత్సరాన్ని తీసి ఇచ్చే ఇయర్ ఫంక్షన్ వేస్తే, ఏ వరుస పనికొస్తుందో తేల్చడానికి ప్రతి తేదీనీ లెక్క కట్టాలి. ఇండెక్స్ మళ్లీ మూలన పడుతుంది. దాని బదులు గడిని ముట్టుకోకుండా హద్దులు చెప్పండి: 2024 ఏప్రిల్ 1 నుంచి, 2025 ఏప్రిల్ 1 కంటే ముందు. మార్చి 31 వరకు అని రాయకండి. తేదీతో పాటు సమయం కూడా నమోదవుతుంటే, ఆ రోజు పగలంతా రాసిన బిల్లులు జారిపోతాయి. ఆర్థిక సంవత్సరం చివరి రోజు బిల్లులు జారితే ఆడిటర్ దగ్గర సమాధానం చెప్పుకోవడం కష్టం.

ఇంకో గోతి ఉంది, ఇందులో చాలామంది పడతారు. వెతికే ఆదేశాన్ని (క్వెరీని) మాటల్లో రాసే ఎస్‌క్యూఎల్ వ్యూలో తేదీని #1/4/2024# అని రాస్తే యాక్సెస్ దాన్ని అమెరికా పద్ధతిలో జనవరి 4 అని చదువుకుంటుంది. #13/4/2024# అని రాస్తే, పదమూడో నెల లేదు కాబట్టి ఏప్రిల్ 13 అనే తీసుకుంటుంది. రెంటికీ ఎర్రర్ రాదు, మొదటిదానికి జవాబు మాత్రం తప్పు వస్తుంది. అక్కడ ఎప్పుడూ #2024-04-01# అని సంవత్సరం ముందు రాయండి.

వచ్చే పాఠానికి పని: మీ ఆఫీసులో ఎక్కువగా వాడే ఐదు క్వెరీలు తెరిచి, షరతు ముందు నక్షత్రం ఉన్నవీ, గడి మీద ఫంక్షన్ వేసినవీ వేరుగా రాసుకోండి. వాటిలో ఒకటి మార్చి, మార్పుకి ముందూ తర్వాతా పట్టిన సెకన్లు పక్కపక్కన పెట్టండి. ఇంకొకటి కూడా గమనించండి. ఉదయం మొదట తెరిచినవాళ్లకి హాయిగా నడిచి, రెండోవాళ్లు తెరవగానే ఇద్దరికీ ఫారాలు బరువెక్కుతున్నాయా? ఆ సమయంలో షేర్ ఫోల్డర్‌లో .laccdb అనే పొడిగింపుతో ఒక చిన్న ఫైలు వస్తూ పోతూ ఉంటుంది. ఎన్నిసార్లు వచ్చి పోయిందో లెక్కపెట్టి ఉంచండి, నాలుగో పాఠం దానితోనే మొదలుపెడదాం.