చెమట పట్టని బిడ్డ - పాఠం 3: వంశవృక్షం గీయడం

మొదటి పాఠంలో బిడ్డ నోట్లో పళ్లు లెక్కపెట్టాం. రెండో పాఠంలో రోహిణి కార్తె ఎండకు ఒళ్లు చల్లగా ఉంచడం నేర్చుకున్నాం. ఈసారి తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. పెన్ను వద్దు. పెద్దవాళ్లకు ఒక్కొక్కటే గుర్తొస్తుంది, చెరిపి గీయక తప్పదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం కొంచెం చెబుతాను. హైపోహైడ్రోటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా ఉన్న పిల్లలకు పళ్లు చాలా తక్కువ వస్తాయి. వచ్చినవీ మేకుల్లా మొనదేలి ఉంటాయి. జుట్టు పలచన, నుదురు ముందుకు, ముక్కు దూలం అణిగి ఉంటుంది. చెమట సరిగా పట్టదు. పళ్లు, వెంట్రుకలు, చెమట గ్రంథులు అన్నీ కడుపులో పిండం పైపొర సాయంతోనే తయారవుతాయి కాబట్టి దెబ్బ మూడింటికీ తగులుతుంది.

మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న. భార్యాభర్తల మధ్య అడ్డగీత, మేనరికమైతే జంట గీత. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును నల్లగా నింపాలి. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలు గీత. మీ బిడ్డ పక్కన బాణం. గుర్తులు ఇంతే, పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

కష్టమంతా అడగడంలో ఉంది. "మన వంశంలో ఈ జబ్బు ఎవరికైనా ఉందా?" అని అడిగారంటే "అలాంటివేం లేవు" అని మాట తెగ్గొడతారు. జబ్బు పేరే ఎత్తొద్దు. పళ్ల గురించి, ఎండ గురించి అడగండి. కావలి దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దామె కూడా, మనవడి గురించి అడిగినప్పుడు, ముందు అదే మాట అన్నది. ఆమె కూతురి కొడుకు ఆ బాబు. "మీ అన్నదమ్ముల్లో ఎండకు తాళలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఊరుకుని చెప్పింది: "మా తమ్ముడు. కయ్యలో దిగితే నీళ్లు నెత్తిన పోసుకుంటానే ఉండేవాడు. తడి తువ్వాలు లేకుండా గట్టు దాటేవాడు కాదు. నోట్లో నాలుగు పళ్లుండేవి, అందరూ బోసినోరోడా అని పిలిచేవాళ్లు." యాభై ఏళ్లుగా ఎవరూ జబ్బనుకోని మనిషి కాగితం మీద నల్ల చదరమయ్యాడు.

ఇప్పుడు ఆ కాగితం చదువుదాం. పెద్దామె తమ్ముడు, పెద్దామె, ఆమె కూతురు, బాబు. నల్ల చదరాలు రెండూ ఆడవాళ్ల మీదుగా కలుస్తున్నాయి. ఎక్కువ కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోమ్ (జన్యువులు ఉండే పోగుల్లో ఒకటి) మీది ఈడీఏ అనే జన్యువులో ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒకటే, అందుకే పూర్తిగా బయటపడుతుంది. ఆడవాళ్లకు రెండు, ఒకదాంట్లో లోపం ఉన్నా జబ్బు అంతగా కనిపించదు, లోపాన్ని మోస్తారు. లోపం మోసే తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ మోసే అవకాశం సగం. జబ్బున్న తండ్రి నుంచి కొడుకులకు రాదు, కూతుళ్లందరూ మాత్రం మోస్తారు. చార్లెస్ డార్విన్ 1875లో సింధు ప్రాంతపు హిందూ కుటుంబం గురించి సరిగ్గా ఇదే రాశాడు: నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకు పళ్లు తక్కువ, జుట్టు తక్కువ, ఎండాకాలం ఒళ్లు పొడిబారి బాధ. కూతుళ్లకు రాలేదు, వాళ్ల కొడుకులకు వచ్చింది.

మోసే ఆడవాళ్ల సున్న మధ్యలో చుక్క పెట్టండి. తల్లి నోరు కూడా తెరిపించి చూడండి, ఒకటో రెండో పళ్లు రాకపోవడమో, ముందు పన్ను మొనదేలి ఉండటమో కనిపించవచ్చు. "మీ పుట్టింటి నుంచి తెచ్చావు" అని ఆ తల్లిని అనేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. ఏ బిడ్డకు ఏ ఎక్స్ వెళ్లాలో ఏ తల్లీ ఎంచి ఇవ్వదు. పైగా కొన్ని ఇళ్లలో ఈ మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది, వెనక నల్ల గుర్తు ఒక్కటీ దొరకదు.

జంట గీత కింద ఆడపిల్లకు కూడా మగపిల్లాడంత తీవ్రంగా వస్తే లెక్క మారుతుంది. అది తల్లిదండ్రులిద్దరూ మోసే రకం కావచ్చు, అప్పుడు ప్రతి కాన్పులోనూ అవకాశం నాలుగింట ఒక వంతు. రెండు రకాల్లో ఏదన్నది జన్యు పరీక్షే తేలుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఈ కాగితం తీసుకెళ్లండి.

వచ్చే పాఠం చిన్నపిల్లల కట్టుడు పళ్ల గురించి. అప్పటికి మూడు తరాలైనా గీసి ఉంచండి, అమ్మమ్మ వైపు ముందు.