క్వేకర్ బడిలో టీనేజ్ పిల్లలకు నాటకం నేర్పడం ఎలా?

క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖవాళ్లు. వాళ్లకు ఒకప్పుడు నాటకమంటే గిట్టేది కాదు. 1682లో విలియం పెన్ అనే క్వేకర్ అమెరికాలోని పెన్సిల్వేనియాకు తెచ్చిన చట్టం నాటకాలను కోడిపందేలతో కలిపి నిషేధించింది. నిజమే మాట్లాడాలని పట్టుబట్టే మనుషులకు, మరొకరిలా నటించడం అబద్ధంలా తోచింది. ఇప్పుడు ఆ బడుల్లోనే డ్రామా క్లాసులున్నాయి. అయినా మొదటి రోజే పిల్లల్ని అడగండి: నటన అబద్ధమేనా? మీ జవాబు మాత్రం అప్పుడే చెప్పకండి.

మొదటి పని మౌనంతో. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వెస్ట్ బ్రాంచ్ దగ్గరున్న స్కాటర్‌గుడ్ లాంటి చిన్న బడుల్లో పిల్లలకు ప్రార్థన సమావేశం అలవాటే. పాస్టర్ ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు. మరో బడిలో నెలలు పట్టే ఏకాగ్రత ఇక్కడ సిద్ధంగా దొరుకుతుంది. గుండ్రంగా కూర్చోబెట్టి తలా ఒక డైలాగ్ ఇవ్వండి. చెప్పాలనిపించినప్పుడే లేవాలి, ఒకరు ముగించాక ఇంకొకరు వెంటనే అందుకోకూడదు. కళ్లు మాత్రం తెరిచే ఉంచమనండి, లేకపోతే సగంమంది మౌనం చాటున దాక్కుంటారు.

తర్వాత గొంతు. నెమ్మదిగా మాట్లాడే పిల్లలైతే ఆరుబయటికి తీసుకెళ్లండి. ఇద్దరిని ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి, అరవకుండా వినిపించేలా చెప్పమనండి.

కథ ఎంపిక దగ్గర తొందరపడొద్దు. పిల్లలు కొద్దిమందే కాబట్టి ఒక్క హీరో మీద నడిచే నాటకం వద్దు. నన్నడిగితే సొంతంగా అల్లుకోవడమే మేలు, స్కాటర్‌గుడ్‌కైతే కథ ఇంట్లోనే ఉంది. 1939 నుంచి 1943 వరకు ఆ బడి నాజీల నుంచి తప్పించుకొచ్చిన యూరప్ శరణార్థులకు హాస్టల్. వాళ్లకు ఇంగ్లీషు, కారు డ్రైవింగ్ నేర్పారు. ఈ ఒక్క సంగతి చాలు, సీన్ పుడుతుంది. వియన్నాలో పేరున్న యాభయ్యేళ్ల లాయరు స్టీరింగ్ పట్టుకున్నాడనుకోండి. పక్కన ఊరి కుర్రాడు, 'మెల్లగా, మెల్లగా' అంటున్నాడు. రెండు కుర్చీలు వేసి ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. ఇద్దరిలో ఎవరిది పైచేయి అన్నది రెండు నిమిషాలకోసారి మారాలి. లాయరు బ్రేకు తొక్కడం మర్చిపోతే అందరూ నవ్వుతారు. ఆ నవ్వులోంచే అతని అవమానం బయటికి రావాలి. యుద్ధాన్ని కత్తులు, తుపాకులతో చూపించక్కర్లేదు. ఈ కారు చాలు.

ఇక వేషాల పంపకం. క్వేకర్లు తమ సభల్లో ఏదైనా తేల్చడానికి ఓట్లు వేయరు. అందరి మాటా విన్నాక సభ ఎటు మొగ్గుతోందో, సభ నడిపే క్లర్క్ గమనించి రాసుకుంటారు. వేదిక ఎలా ఉండాలి, ఏ సీన్ తీసేయాలి లాంటివి ఇలాగే తేల్చండి. వేషాలు మాత్రం అలా కాదు. ఆ వయసులో పదిమంది ముందు 'నువ్వు వద్దు' అనిపించుకోవడం మామూలు బాధ కాదు. కావాలనుకునే పాత్ర, భయపడే పాత్ర, అసలొద్దనే పాత్ర చీటీ మీద రాయించుకుని మీరే నిర్ణయించండి.

రిహార్సల్లో పిల్లలు మిమ్మల్ని సార్, మేడమ్ అనకపోవచ్చు. చాలా క్వేకర్ బడుల్లో పేరు పెట్టే పిలుస్తారు. మనవైపు నుంచి వెళ్లిన టీచర్‌కు మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది, పట్టించుకోకండి. తప్పులు ఎత్తిచూపడం కన్నా ప్రశ్న వేయండి: 'ఈ మాట అన్నప్పుడు ఎదుటివాడి నుంచి నీకేం కావాలి?' 'ఇంకాస్త ఫీలవ్వు' అంటే పిల్లలు బిగుసుకుపోతారు.

సెట్టింగులకు ఖర్చు పెట్టకండి. బడిలో ఉన్న బెంచీలు, నాలుగు పాత సూట్‌కేసులు సరిపోతాయి. ప్రోగ్రామ్ కాగితం మీద లాయరు వేసినవాడి పేరూ, లైట్లు వేసినమ్మాయి పేరూ, బెంచీలు మోసినవాళ్ల పేర్లూ అక్షరక్రమంలో ఒకే సైజులో వేయించండి. మావాడిది ఏ వేషం అని వెతుక్కునే తల్లిదండ్రుల కోసం పాత్రల జాబితా వెనకవైపు పెట్టండి.