కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక డిస్‌ప్లే రావట్లేదా?

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం ‘నో సిగ్నల్’. షాపువాడి మీద ఎగిరే ముందు కేబినెట్ వెనక్కి వెళ్ళి హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ పోర్టుల పక్కనే ఉందంటే అది ఇంకా మదర్‌బోర్డుకే ఉన్నట్టు, తీసి కింద కార్డుకి పెట్టండి. డిస్‌ప్లే వస్తున్నా గేములు నత్తనడక నడుస్తుంటే దానికీ ముందు ఇదే చూడాలి.

కేబుల్ సరిగ్గానే ఉంటే ప్లగ్ పీకేసి కేబినెట్ తెరవండి. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాట్ పైన బంగారు రంగు కాంటాక్టులు ఒక పక్క సన్నగా కనిపిస్తున్నాయా? కార్డు పూర్తిగా దిగలేదు. వెనక రేకు కేబినెట్ అంచుకి తగులుకుంటే ఇలా అవుతుంది, స్క్రూ వదులు చేసి స్లాట్ లాక్ టక్‌మనేదాకా నొక్కండి.

తర్వాత పవర్. స్లాట్ నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్లే, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 లాంటి కార్డు 170 దాకా లాగుతుంది కాబట్టి మిగతాది ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ మొత్తానికి పవర్ ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే కేబుల్ ఇవ్వాలి. 6+2గా విడిపోయేది కార్డుది, 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది, రెండూ 8 పిన్నులే కదా అని బలవంతంగా దూర్చకండి. ఇంకో ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుల్ (రెండు వైపులా ఊడొచ్చేది) అసలే వద్దు, సాకెట్‌లో పట్టినా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు, కార్డు కాలిపోతుంది.

డెస్క్‌టాప్ బాగానే ఉండి, గేమ్ మొదలెట్టగానే సిస్టమ్ ఠక్కున ఆగిపోతోందా? మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. కేబినెట్‌తో పాటు వచ్చే చవక రకాల మీద 450 అని పెద్దక్షరాలతో ఉంటుంది, దాన్ని నమ్మకండి, పక్కన లేబుల్‌లో 12 వోల్టుల లైన్‌కి ఎన్ని ఆంప్స్ ఇచ్చాడో చూడండి. 20 అని ఉంటే 240 వాట్లు, అందులోనే ప్రాసెసర్ కూడా బతకాలి! 3060కి ఎన్విడియా చెప్పేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అదీ మంచిది కొనండి.

బొమ్మ వస్తోంది కానీ అక్షరాలు బండగా ఉండి, డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని కనిపిస్తే డ్రైవర్, అంటే విండోస్‌లో కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, పడలేదంతే. ఏఎండీ నుంచి ఎన్విడియాకి మారినవాళ్ళు సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే టూల్‌తో పాత డ్రైవర్ తుడిచేసి కొత్తది వేసుకోండి.

ఇవన్నీ చూసినా రాకపోతే ఫ్రెండ్ సిస్టమ్‌లో కార్డు పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే మీ మదర్‌బోర్డు బయోస్ (సిస్టమ్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి, అక్కడా రాకపోతే బిల్లు, బాక్సు పట్టుకుని షాపుకెళ్ళండి.